గాజు వెనక గీత

ముప్ఫై ఏళ్లకు పైగా నేను భయపడినందుకే జీతం తీసుకున్నాను. ఉద్యోగం పేరు సర్వేయర్. ఆఫీసు వికారాబాద్‌లో, పని ఎక్కువగా తాండూరు వైపు. నాపరాయి తీసి వదిలేసిన పాత గనుల చుట్టూ నేల కదులుతోందా లేదా చూసి చెప్పాలి. కదలడం లేదని చెప్పి ఇంటికి వచ్చిన రోజు కూడా అన్నం సరిగ్గా దిగేది కాదు. లేదని చెప్పింది నేను కదా, రేపు కదిలితే?

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ప్రమోషన్లు ఎలా వస్తాయి, ఏ సార్ దగ్గర ఎలా ఉండాలి అని అడుగుతారు. ఆ సంగతులు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను మాత్రం వాళ్ల ముందు ఒక కాగితం పెట్టి, దాని మీద గీత గీసి, ఆ గీత మీద ఒక మందపాటి గాజుపలక పెడతాను. ఆ గాజుకు ఒక కథ ఉంది. అది చెప్పాలంటే ముందు లతీఫ్ సాబ్ దగ్గర మొదలుపెట్టాలి.

లతీఫ్ సాబ్ మోకాళ్లు

మాది మోమిన్‌పేట్ దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. ఆదివారం ప్రార్థనకు వెళ్లినప్పుడు తప్ప మా అమ్మ కూర్చోగా చూసిన గుర్తు లేదు. నేను ఐటీఐలో సర్వే చదివి ఉద్యోగంలో చేరితే, మొదటి బాసు లతీఫ్ సాబ్. నోరు మంచిది కాదు. సెలవు అడిగితే మొహం చూడకుండానే వద్దనేవాడు. ఆడపిల్ల గుంతల్లోకి దిగి ఏం చేస్తుందని నా ముందే అన్నాడు. అలాంటి మనిషి నేర్పిన పాఠమే నన్ను చివరిదాకా కాపాడింది.

మొదటి రోజు ఏ పరికరమూ ముట్టుకోనివ్వలేదు. కాగితం మీద పెన్సిల్‌తో గీత గీసి, దాని మధ్యలో మందపాటి గాజుపలక పెట్టాడు.

"ఏం కనిపిస్తున్నది?"

"గీత విరిగింది సార్. గాజు కింద ఉన్న ముక్క పక్కకు జరిగింది."

"వంకర పోయిందా?"

"లేదు సార్. తిన్నగానే ఉంది. చోటే మారింది."

"గదే గుర్తు పెట్టుకో బేటీ. వంకర కనిపిస్తే ఎవడైనా అనుమానపడ్తడు. గిది వంకర గూడ కనవడది."

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. వెలుగు ఏటవాలుగా గాజులోకి దూరేటప్పుడు ఒకసారి వంగుతుంది. అవతలి ముఖం నుంచి బయటికి వచ్చేటప్పుడు అంతే వెనక్కి వంగి, మళ్లీ మొదటి దిక్కే పడుతుంది. రెండు ముఖాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి కాబట్టి దిక్కు మారదు, దారి మాత్రం కాస్త పక్కకు జరుగుతుంది. గాజు ఎంత మందమైతే అంత ఎక్కువ జరుగుతుంది. చూపు ఎంత ఏటవాలైతే అంత ఎక్కువ. గాజుకు సూటిగా ఎదురుగా చూస్తే మాత్రం అస్సలు జరగదు, గీత వచ్చి గీతతో కలుస్తుంది.

"ఆంఖ్ సీదా. కన్ను సూటిగ ఉండాలె. గోడ మీది గీతైతే దాని ఎత్తుకు రావాలె. దానికోసం మోకాళ్లు వంగాలె" అన్నాడు.

ఆయన ప్యాంట్లన్నిటికీ మోకాళ్ల దగ్గర అతుకులే ఉండేవి. కీళ్లనొప్పులతో మూలుగుతూ బురదలో మోకరిల్లి చూసేవాడు. నిలబడి చదివిన అంకె తెస్తే మళ్లీ వెనక్కి పంపేవాడు. ఆయన్ను తిట్టుకుంటూనే నేను మోకాళ్లు వంచడం అలవాటు చేసుకున్నాను.

ఆఫీసు టేబుల్ మీది గాజు

చాలా ఏళ్ల తర్వాత సంగతి. లతీఫ్ సాబ్ ఎప్పుడో రిటైరయ్యాడు. తాండూరు శివార్లలో ఒక పాత గని ఉంది. బండంతా తీశాక సగం గుంతను పనికిరాని రాతిముక్కలతో పూడ్చేశారు. పైన మట్టి పడింది, గడ్డి మొలిచింది, ఇళ్లు లేచాయి. ఒక వరస ఇళ్లయితే సరిగ్గా అంచున, సగం గట్టి బండ మీద, సగం ఆ పూడిక మీద కూర్చున్నాయి. పూడికకు ఆవల లోతైన గుంత, అందులో ఆకుపచ్చని నీళ్లు. ఆ నీళ్లను చూస్తే నాకు పట్టపగలే ఒళ్లు జలదరించేది.

ఆ వరసలో చివరి ఇల్లు అంజమ్మ, ఎల్లయ్యలది. ఒకప్పుడు గొర్లు కాసిన కుటుంబం. ఎల్లయ్య బండలు నునుపుచేసే పాలిషింగ్ యూనిట్‌లో పని చేసేవాడు. గుమ్మంలో తల వంచి దూరేంత పొడుగు. అంజమ్మ పొట్టి మనిషి, ఎప్పుడు వెళ్లినా కింద కూర్చుని చాటలో కందులు చెరుగుతూ ఉండేది. వాళ్ల వెనక గదిలో, తలుపు పక్కనే, పైకప్పు నుంచి నేల దాకా గోడకు పగులు వచ్చింది. పగులుకు ఎడమవైపు ఇల్లు బండ మీద ఉంది. కుడివైపు పూడిక మీద ఉంది.

అప్పుడు మా పై అధికారి మాధవ్ సార్. మంచివాడు, తెలివైనవాడు, ఎవరికైనా ఏదైనా విడమరిచి చెప్పగలడు. పగులుకు అడ్డంగా గాజుముక్క అతికిద్దామన్నాడు. అది పాత పద్ధతే. పల్చటి గాజును పగులుకు అటూ ఇటూ సిమెంటుతో అతికిస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పటుక్కుమంటుంది, అందరికీ తెలుస్తుంది. కానీ ఆ రోజు పల్చటి గాజు చేతిలో లేదు. ఆఫీసు టేబుల్ మీది గాజు ఒక మూల విరిగి పడి ఉంటే, దాన్నే పలకలుగా కోయించాడు. వేలంత మందం.

"సార్, ఇంత మందం గాజు పగలదు. సిమెంటే ఊడుతుంది" అన్నాను.

"గట్టిగా ఉంటే మంచిదే కదా సుగుణా. పల్చటిది పిల్లలు బంతి విసిరినా పగులుతుంది, ఊరంతా పరుగెత్తుతుంది" అన్నాడు.

పగులుకు ఎడమపక్కన దర్వాజా చెక్క ఉండటంతో, గట్టి గోడ మీద గాజు అంచుకు వేలెడు జాగానే దొరికింది. మిగతా పలకంతా కుడివైపు గోడ మీదికి, మూలదాకా వచ్చింది. అతికించే ముందు నేను చెక్క మీద మొదలుపెట్టి, పగులు దాటించి, మూలదాకా ఒకే గీత గీశాను. గాజు దాని మీద కూర్చుంది. చెక్క మీది గీత బయట, మిగతా గీత గాజు వెనక.

వారం తిరక్కుండా బస్తీలో గోల.

"గీత కిందికి దిగింది మేడం, నా కండ్లతోని చూసిన!" అన్నాడు ఎల్లయ్య.

"నీ కండ్లకేమైంది? మీదికి లేస్తే కిందికంటడు. మేడం, గీత మీదికి లేచింది" అంది అంజమ్మ చాట పక్కన పెట్టకుండానే.

పక్కింటివాళ్లు మూటలు కట్టడం మొదలుపెట్టారు. మాధవ్ సార్ జీపులో వచ్చాడు. చూశాడు, నవ్వాడు. ఎల్లయ్యను కింద కూర్చోబెట్టాడు, అంజమ్మను పీట మీద నిలబెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి."

ఎల్లయ్య కళ్లు నులుముకున్నాడు. "అరే, మీదికున్నది!"

"నాకు కిందికి కనవడుతున్నది" అంది అంజమ్మ. పైనుంచి చూస్తే గాజు వెనక గీత దిగినట్టు, కిందినుంచి చూస్తే లేచినట్టు కనిపిస్తుందని, అది గోడ కదలడం కాదు, వెలుగు వంగడమని సార్ చక్కగా వివరించాడు. జనం ఒకరి తర్వాత ఒకరు లేచి కూర్చుని చూసుకున్నారు, పకపకా నవ్వారు. మూటలు విప్పారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, కన్ను గీత ఎత్తుకు తెచ్చి చూశాను. గీతలు చక్కగా కలిశాయి. ఆ రోజు సార్ చెప్పింది అక్షరాలా నిజం.

భయాన్ని అంత అందంగా పోగొట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అందుకే ఆ పొరపాటు ఎంత పెద్దదో ఎవరికీ తెలియలేదు. ఇక గీతలో తేడా కనిపిస్తే జనం దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గాజు పగలలేదు కదా, గోడ కదలలేదు. గీత జరిగిందా, అది వెలుగు.

ఆ తర్వాత భార్యాభర్తల జగడం బస్తీకి వేడుకైంది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఆయన కిందికంటాడు, ఆవిడ మీదికంటుంది. నేను మోకరిల్లి చూస్తాను, కలిసే ఉంటుంది, చాయ్ తాగి వచ్చేస్తాను.

ఇద్దరూ ఒకే మాట

ఆ ఏడు వానలు పట్టు విడవలేదు. నాపరాతి పొరల మధ్య బంకమట్టి ఉంటుంది, నీళ్లు తాగితే సబ్బులా జారుతుంది. వికారాబాద్ నుంచి బస్సులో పోతుంటే కిటికీ మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. తాండూరులో దిగి ఆటో పట్టుకుని బస్తీకి చేరాను. గుంతలో నీళ్లు నేనెప్పుడూ చూడనంత పైకి వచ్చాయి.

అంజమ్మ ఇంట్లో కొత్త మనిషి ఉంది. బిడ్డ రేణుక కాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టి కొద్ది రోజులే అయింది. గాలి తగలకూడదని వెనక గదిలో, ఆ గోడకు ఆనించే మంచం వేశారు. తల్లీ బిడ్డా నిద్రపోతున్నారు. అంజమ్మ కింద కూర్చుని పసిదాని బట్టలు మడతపెడుతోంది. ఎల్లయ్య చాయ్ తెచ్చి చేతికిచ్చాడు.

అలవాటుగా అడిగాను. "ఏమంటోంది మీ గీత?"

"ఎప్పటిలెక్కనే మేడం. కిందికే" అన్నాడు ఎల్లయ్య.

అంజమ్మ నవ్వింది. "ఈసారి నేనే ఓడిపోయిన మేడం. నాకు గూడ కిందికే కనవడుతున్నది."

"ఇన్నొద్దులకు ఒప్పుకున్నది సూడు" అని ఎల్లయ్య మురిసిపోయాడు.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. అంజమ్మ కూర్చునే ఉంది. కింద కూర్చున్న మనిషికి గీత పైకి కనిపించాలి. ఆ గాజు, ఆ చూపు మారలేదు. మారింది గీతే. వెలుగు పైకి ఎత్తి చూపించినా ఇంకా కిందికే కనిపిస్తోందంటే, గోడ అంతకన్నా ఎక్కువ దిగిపోయింది. ఎల్లయ్యకు ఎప్పుడూ కిందికే కనిపిస్తుంది కాబట్టి, ఇంకాస్త దిగినా ఆయన పట్టించుకోలేదు.

మోకాళ్ల మీద కూర్చున్నాను. కన్ను సూటిగా తెచ్చాను. ఇదివరకు కలిసిన గీతలు కలవలేదు. తల పైకీ కిందికీ జరిపాను, దేవుడా నాదే పొరపాటు అయ్యేలా చెయ్యి అని వేడుకున్నాను. కలవలేదు. గాజు మాత్రం నిగనిగలాడుతూ ఉంది, ఒక్క గీటు లేదు. గట్టి గోడ వైపు ఆ వేలెడు సిమెంటు ఎప్పుడో ఊడిపోయింది. పలక కుడి గోడను పట్టుకుని దానితోపాటే కిందికి జారింది.

బయటికి వచ్చి మాధవ్ సార్‌కు ఫోన్ చేశాను.

"గాజు పగిలిందా?"

"లేదు సార్."

"మరి? ఆ గీత సంగతి తెలిసిందే కదా సుగుణా."

"నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను సార్."

"నేను బయలుదేరుతున్నా. వచ్చేదాకా ఎవరినీ కంగారు పెట్టకు" అన్నాడు. ఆయన రావాలంటే వానలో వికారాబాద్ నుంచి రావాలి. అప్పటిదాకా ఆగే ధైర్యం నాకు లేదు. అక్కడి నుంచే ఆ వరసవాళ్లను బయటికి రమ్మని కేకేశాను. వెంటనే లోపలికి వచ్చి, ఇల్లు ఖాళీ చెయ్యాలని చెప్పాను.

ఎల్లయ్య నమ్మలేదు. "సారు చెప్పిండు కదా మేడం, వెలుగు వంగుతదని. గాజు గూడ మంచిగున్నది."

అంజమ్మ బాధ వేరు. "పురుడు తానం కాలే. పిల్లను తొట్లెల ఎయ్యలే. బాలింత గడప దాటొద్దు మేడం. పిల్లకేమన్న అయితే?"

వాళ్లకు వెలుగు గురించి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను. చెబుతున్నకొద్దీ అది ఇంకో వివరణ అవుతోంది. వివరణలు వాళ్లు అప్పటికే నమ్మారు, వాటి మీదే నిద్రపోతున్నారు. నా భయం దాచుకోవడం మానేశాను.

"అంజమ్మా, నాకు భయమైతోంది."

ఆమె నా మొహంలోకి చూసింది. "నీకా?"

"నాకే. ఈ గదిలో నిలబడాలంటే భయమైతోంది. నీ మనవరాలు ఆ గోడ పక్కన పడుకుంది."

అంజమ్మ చేతిలోని బట్టలు కింద పెట్టింది. "సారు నవ్వుకుంట చెప్పిండు, నమ్మినం. నువ్వు ఏడ్చుకుంట చెప్తున్నవ్" అంది. అప్పుడు తెలిసింది నా కళ్లలో నీళ్లున్నాయని. లేచి రేణుకను లేపింది. కానీ ముందు వాకిలి గడప దగ్గరికి వచ్చేసరికి అంజమ్మ మళ్లీ ఆగిపోయింది. పిల్లను గుండెకు హత్తుకుని, దాటలేక, వెనక్కి పోలేక, అక్కడే నిలబడింది.

"గడప లేకుంటే?" అన్నాడు ఎల్లయ్య.

మాకు అర్థమయ్యేలోపే గడ్డపార తెచ్చాడు. గడప అంటే అక్కడ నునుపుచేసిన నాపబండే. దాని కింద గడ్డపార పెట్టి ఒక్క పోటు పొడిచాడు. ఇల్లంతా అదిరింది. వెనక గదిలో పగులు నుంచి ఇసుక రాలుతున్న చప్పుడు నాకు వినిపించింది. "వద్దు ఎల్లయ్యా, పగలగొట్టకు, మెల్లగా!" అని అరిచాను. ఆయన బండల పని మనిషి, మళ్లీ పొడవలేదు. గడ్డపార మీద బరువు వేసి, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. రాలుతున్న ఇసుక ఆగడం లేదు. రేణుక ఏడుపు మొదలుపెట్టింది. నా జీవితంలో అంత పొడుగైన క్షణాలు ఎన్నడూ లేవు. బండ సిమెంటు విడిచి పైకి లేచింది. దాన్ని పక్కకు తోశాడు. అక్కడ ఉత్త మట్టి మిగిలింది.

"ఇగ దాటేదేమున్నది? నడువు బిడ్డా" అన్నాడు. రేణుక నడిచింది. వెనకాలే అంజమ్మ పిల్లతో నడిచింది. చివర నేను నడిచాను, వెనక్కి చూడలేదు.

పాలిషింగ్ యూనిట్ షెడ్డులో చోటిచ్చారు. ఎల్లయ్య ఆ గడపబండను ఆటోలో వేసుకొచ్చి షెడ్డు ముందు పెట్టాడు. మధ్యాహ్నం దాటాక వెనక గది పోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదని చూసినవాళ్లు చెప్పారు, బస్తాలోంచి కందులు జారినట్టు జారిందట. మంచం గుంత నీళ్లలో తేలుతుండగా నేను చూశాను. ఆ మంచం ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మాధవ్ సార్ వచ్చేసరికి అక్కడ సగం ఇల్లే ఉంది. రాళ్ల మధ్యకు వెళ్లి ఏదో వెతికాడు. చేతిలో గాజుపలకతో వచ్చాడు. తుడిచి వెలుతురుకు పెట్టి చూశాడు.

"పగల్లేదు సుగుణా" అన్నాడు. ఆ పలకను నా చేతిలో పెట్టి, షెడ్డు దాకా నడిచివెళ్లి, పసిదాన్ని చూసి జీపెక్కాడు. ఆయన్ను చెడ్డవాడని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆయనకు తెలిసింది నిజమే. ఆ నిజం వెనక ఇంకో నిజం దాక్కోగలదని ఆయన భయపడలేదు, అంతే.

మీకు చెప్పాలనుకున్నది

ఈ పనిలోకి వచ్చే పిల్లలారా, గాజు గురించి పుస్తకంలో ఉన్నదంతా నేర్చుకోండి. లెక్కలన్నీ నేర్చుకోండి. కానీ మీరు చెప్పిన కారణం విని జనం నవ్వుకుంటూ ఇంటికి పోయిన రోజున, మీరు మాత్రం ఇంకోసారి మోకాళ్లు వంచండి. కారణం దొరికిన భయం నిద్రపోతుంది. నిద్రపోతున్న భయాన్ని లేపడం చాలా కష్టం.

నేను రిటైరయ్యాక అంజమ్మ వాళ్ల కొత్త ఇంటికి పోయాను. గుంతలకు దూరంగా, గట్టి నేల మీద కట్టుకున్నారు. వాకిట్లో ఆ పాత గడపబండే ఉంది. మనవరాలు బడి నుంచి వచ్చి దాని మీద కూర్చుని షూ విప్పుతోంది. అంజమ్మ చాయ్ ఇచ్చి, చాట ముందేసుకుని కింద కూర్చుంది. గ్లాసు ముట్టుకోకుండా పక్కన పెట్టాను. సంచిలోంచి గాజుపలక తీశాను. దర్వాజా చెక్క మీద పెన్సిల్‌తో గీత గీసి గోడ మీదికి పొడిగించాను. గోడ మీది ముక్కకు గాజు ఆనించి పట్టుకున్నాను.

"ఇంకా ఇడువలేదా మేడం నువ్వు?" అన్నాడు ఎల్లయ్య నవ్వుతూ. అయినా వచ్చి నిలబడి చూశాడు. "కిందికున్నది."

అంజమ్మ చాట పక్కన పెట్టకుండా, కూర్చున్నచోటి నుంచే తలెత్తి చూసింది.

"నీ కండ్లు మల్ల ఖరాబైనయ్. మీదికున్నది."

ఇద్దరూ జగడానికి దిగారు. అప్పుడే గీసిన గీత గోడ సంగతి ఏమీ చెప్పదని నాకు తెలుసు. అయినా ఆ రెండు మాటలూ విన్నాకే నేను చాయ్ గ్లాసు అందుకున్నాను.